ఊరి పేరు చెరిగిపోనివ్వని చరిత్రకారుడు – నళినీకాంత భట్టశాలి

తూర్పు బెంగాలులోని విక్రమపుర ప్రాంతంలో చెరువు పూడిక తీసేటప్పుడు పార రాయికి తగిలితే కూలీలందరూ పని ఆపి అక్కడికి చేరేవారు. ఎందుకంటే ఆ నేలలో సహజంగా రాయి లేదు. అంతా నదులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. అటువంటి నేలలో రాయి కనిపించిందంటే, ఎప్పుడో ఎవరో దూరాన ఉన్న కొండల నుండి పడవల మీద తెచ్చి, ఉలితో మలచి, గుడిలో నిలిపిన రాయి అన్నమాట. మట్టి కడిగి చూస్తే అది నల్లరాతి విష్ణుమూర్తి కావచ్చు, బౌద్ధుల తారాదేవి కావచ్చు, ఏడు గుర్రాల సూర్యుడు కావచ్చు.

ఆ తరువాత ఆ విగ్రహం గతి ఏమిటి? కొన్నింటిని గ్రామస్థులు మర్రిచెట్టు కింద నిలిపి కుంకుమ పూసి పూజించేవారు. కొన్ని రేవులో బట్టలుతికే బండలయ్యేవి. కొన్ని కొనుగోలుదారుల చేతికి చిక్కి దూరనగరాలకు తరలిపోయేవి. విగ్రహం ఎక్కడికి పోయినా విగ్రహమే. కాని అది ఏ ఊరి చెరువులో దొరికిందన్న సంగతి ఒకసారి మరుగున పడితే, ఆ ఊరి చరిత్ర దానితోపాటే మరుగున పడుతుంది.

ఈ నష్టాన్ని గ్రహించి, ముప్పై రెండేళ్లకు పైగా ఢాకా నగరంలోని ఒక చిన్న ప్రదర్శనశాలను కాపాడుతూ, తన చేతికి వచ్చిన ప్రతి రాతికీ, ప్రతి నాణేనికీ దాని ఊరి పేరును జతచేసి వెళ్లిన వ్యక్తి నళినీకాంత భట్టశాలి. రాష్ట్రాల సరిహద్దుల మీద నివసించే మనవంటి వారు ఆయన జీవితాన్ని తెలుసుకోవడం ఎంతో అవసరం.

బాల్యం, విద్యాభ్యాసం

నళినీకాంత భట్టశాలి 1888 జనవరి 24న విక్రమపుర ప్రాంతంలోని నయనానంద గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేటి బంగ్లాదేశ్‌లోని మున్షీగంజ్ జిల్లాలో ఉన్నది. కుటుంబం చదువు గలదే కాని సంపద గలది కాదు. సోనార్‌గావ్ పాఠశాల నుండి 1905లో ఎంట్రన్స్ పరీక్షలో ఉత్తీర్ణులై, ఢాకా కళాశాలలో చేరి, 1912లో చరిత్రలో ఎం.ఏ. పట్టా పొందారు. కొంతకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నారు.

ఆయన పుట్టిన ఊరూ, చదివిన ఊరూ రెండూ చరిత్రలో ప్రసిద్ధమైనవే. విక్రమపురం చంద్ర, వర్మ, సేన వంశపు రాజులకు రాజధాని. సోనార్‌గావ్ 14వ శతాబ్దంలో స్వతంత్ర సుల్తానుల రాజధాని. పూర్వం మహానగరాలుగా వెలిగిన చోట్ల ఆయన బాల్యం నాటికి మిగిలినవి వరిపొలాలు, చెరువులు, వెదురు పొదలు మాత్రమే. పైగా ఆ ప్రాంతానికి నదితో ఒక శాపం కలదు. పద్మానది పాయ ఒకటి గట్లను కోసివేస్తూ కేదారరాయలు, రాజవల్లభుడు మొదలగువారు కట్టించిన భవనాలను, ఆలయాలను మింగివేసింది. అందుచేత ప్రజలు ఆ పాయకు కీర్తినాశ అని పేరు పెట్టారు. పూర్వుల కీర్తిని నాశనం చేసిన నది అని అర్థం. ఇటువంటి నేలలో పెరిగిన బాలునికి, నేడు కంటికి కనిపించే శిథిలం వచ్చే వర్షాకాలానికి ఉంటుందో ఉండదో అన్న ఆందోళన సహజంగానే అలవడింది.

రాజధాని హోదా కోల్పోయిన నగరం

భట్టశాలిగారు పనిచేసిన ఢాకా నగరం గురించి కొంత చెప్పుకోవాలి. 1610లో మొగలు సుబేదారు ఇస్లాం ఖాన్ ఢాకాను బెంగాలు సుబాకు రాజధానిగా చేసి, జహంగీరునగరమని పేరు పెట్టాడు. బూడీగంగా నది ఒడ్డున బడా కట్రా, ఛోటా కట్రా అనే విశాలమైన భవనాలు వెలిశాయి. 1678లో ఔరంగజేబు కుమారుడు అజం లాల్‌బాగ్ కోటకు పునాది వేశాడు. ఆ కోట పూర్తి కాలేదు. 18వ శతాబ్దం ఆరంభంలో ముర్షిద్ కులీ ఖాన్ రాజధానిని ముర్షిదాబాదుకు మార్చడంతో ఢాకా ప్రాభవం తగ్గింది. నాయబ్ నాజిములన్న ఉపపాలకులు నీమ్‌తలి భవనంలో నివసిస్తూ 1843 వరకు నామమాత్రంగా కొనసాగారు.

1905లో బెంగాలు విభజన జరిగి ఢాకా తిరిగి ఒక రాష్ట్రానికి రాజధాని అయినది. 1911లో ఆ విభజన రద్దు కావడంతో ఆ గౌరవం మరల పోయినది. ఆరేళ్ల ముచ్చట ముగిసింది. సరిహద్దు గీతలు గీయడం, చెరపడం ప్రభుత్వాలకు కాగితం మీద పని. ఆ గీతల వెంట బతుకులు మారేది మాత్రం ప్రజలకే. నగర ప్రముఖులు, కనీసం ఈ ప్రాంతంలో దొరికిన ప్రాచీన వస్తువులైనా ఇక్కడే ఉండాలని, అందుకొక ప్రదర్శనశాల కావాలని కోరారు. నాటి గవర్నరు లార్డ్ కార్మైకేల్ స్వయంగా కళాభిమాని. ఆయన చేతుల మీదుగా 1913 ఆగస్టు 7న ఢాకా మ్యూజియం సచివాలయ భవనంలోని ఒక గదిలో ప్రారంభమైనది.

379 వస్తువులతో మొదలు

1914 జులైలో భట్టశాలిగారు ఆ మ్యూజియానికి క్యూరేటరుగా నియమితులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. అదే సంవత్సరం ఆగస్టు 25న 379 వస్తువులతో మ్యూజియం ద్వారాలు ప్రజలకు తెరుచుకున్నాయి. 1915లో దానిని నీమ్‌తలిలోని నాయబ్ నాజిముల పాత భవనాలకు మార్చారు. ఒకనాడు నవాబుల దర్బారు జరిగిన బారాదరి మందిరంలో పల్లెచెరువుల నుండి వచ్చిన దేవతామూర్తులు కొలువుదీరాయి.

నిధులు స్వల్పం. సిబ్బంది కొద్దిమంది. అయినా భట్టశాలిగారు కుర్చీలో కూర్చొని వస్తువులు వస్తాయని ఎదురుచూడలేదు. తూర్పు బెంగాలులో సగం ఏడాది ప్రయాణమంటే పడవ ప్రయాణమే. ఆయన రాంపాల్, వజ్రయోగిని, సోనారంగ్, సావర్, కోటాలిపాడా, త్రిపురా జిల్లా గ్రామాలు తిరిగారు. ఎక్కడ పాత దిబ్బ ఉన్నదని విన్నా అక్కడికి వెళ్లేవారు. గ్రామపెద్దలతో మాట్లాడి, విగ్రహాన్ని అమ్ముకొనవద్దని, మ్యూజియానికి ఇస్తే ఊరి పేరు నిలుస్తుందని నచ్చజెప్పేవారు. పూజలో ఉన్న మూర్తిని చూచి, కొలిచి, పీఠం మీది అక్షరాలు రాసుకొని వచ్చేవారు. ఊరి వారికి తమ ఊరి గొప్పతనం తెలియజెప్పడం కూడా క్యూరేటరు విధులలో ఒకటని ఆయన భావించినట్లు ఆయన పనితీరు తెలుపుతున్నది.

పీఠం మీద దొరికిన రాజు పేరు

ఆయన పరిశోధన ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలును. కుమిల్లా సమీపంలోని భారెల్లా గ్రామంలో భగ్నమైన నటరాజ విగ్రహం ఒకటి ఉండేది. బెంగాలులో ఆ స్వామిని నర్తేశ్వరుడని పిలుస్తారు. చిదంబరం నటరాజును చూచిన మన పాఠకులకు ఒక భేదం చెప్పాలి. దక్షిణాదిన శివుడు అపస్మారుడనే మరుగుజ్జు మీద పాదం మోపి, నాలుగు చేతులతో నర్తిస్తాడు. బెంగాలులో నంది వీపు మీదనే నిలిచి, పది లేక పన్నెండు చేతులతో నర్తిస్తాడు. ఒకే దేవుడు, ఒకే నాట్యం, రెండు ప్రాంతాల శిల్పుల రెండు దర్శనాలు.

ఆ విగ్రహ పీఠం మీద భట్టశాలిగారు లడహచంద్రుడనే రాజు పేరును, ఆయన 18వ పాలనా సంవత్సరాన్ని గుర్తించారు. ఆ పేరును ఆయన లయహచంద్రుడని చదివారు. అప్పటికి ఆ రాజు ఎవరో ఎవరికీ తెలియదు. 1914లో ఆయన దీనిని ఆధారంగా చేసికొని తూర్పు బెంగాలులో చరిత్ర మరచిన రాజ్యమొకటి ఉండెనని వ్యాసం రాశారు. ఒక్క విరిగిన రాతిని బట్టి రాజ్యాన్నే ఊహించడం సాహసమే.

ఇక్కడ మన దక్షిణ దేశానికి నిజమైన సంబంధమొకటి కలదు. నేటి తమిళనాడులో పోలూరు సమీపాన తిరుమలై అనే జైన క్షేత్రం ఉన్నది. అక్కడి కొండ మీద రాజేంద్ర చోళుని శాసనం ఉన్నది. 1023 ప్రాంతంలో ముగిసిన ఉత్తరదేశ దండయాత్రలో చోళసేన వంగాళ దేశపు గోవిందచంద్రుని ఓడించినదని అందులో చెప్పబడినది. ఈ గోవిందచంద్రుడు ఎవరు? విక్రమపుర పరిసరాలలో దొరికిన విగ్రహాల పీఠాల మీద ఆ పేరే, పాలనా సంవత్సరాలతో సహా కనిపించినది. వాటిని గురించి కూడా భట్టశాలిగారు రాశారు. తమిళనాడు కొండ మీద ఓడిన రాజుగా నిలిచిన పేరు, అతని సొంత నేలలో భక్తుల విగ్రహాల మీద పాలకునిగా నిలిచి ఉన్నది.

ఆయన మరణానంతరం 1950 దశకంలో కుమిల్లా సమీపంలోని మైనామతి తవ్వకాలలో చంద్రరాజుల తామ్రశాసనాలు దొరికాయి. త్రైలోక్యచంద్రుడు, శ్రీచంద్రుడు, కల్యాణచంద్రుడు, లడహచంద్రుడు, గోవిందచంద్రుడు అని ఆ వంశక్రమం స్పష్టపడినది. భారెల్లా నర్తేశ్వరుని పీఠం మీది రాజు కల్పన కాదని, గోవిందచంద్రుని తండ్రియేనని రుజువైనది. ఆ విగ్రహం ఏ ఊరిదో తెలియని స్థితిలో ఏదో అంగడికి చేరి ఉంటే, ఆ పేరును ఎక్కడ అతికించాలో ఎవరికీ తెలిసి ఉండేది కాదు.

షరాబుల గాట్ల వెనుక తేదీలు

భట్టశాలిగారికి విశేష కీర్తి తెచ్చినది నాణేల పరిశోధన. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువ గల పాతర దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. కాని పల్లెల్లో వెండి నాణేలు దొరికితే ముందుగా అవి కంసాలి కుంపటికి చేరేవి. కరిగిన నాణెంతో పాటు దాని మీది రాజు పేరు, టంకసాల పేరు, తేదీ అన్నీ కరిగిపోతాయి.

ఢాకా జిల్లాలోని కేతున్ గ్రామంలో దొరికిన పాతర అదృష్టవశాత్తు కుంపటి పాలు కాలేదు. అందులో మూడు వందలకు పైగా బెంగాలు సుల్తానుల వెండి నాణేలున్నాయి. వాటిని చదవడం సులభం కాదు. సంవత్సరం అంకెలలో కాక అరబ్బీ మాటలలో, అదీ నాణెం అంచు చుట్టూ ఉంటుంది. ఆనాటి షరాబులు వెండి మేలిమిని పరీక్షించడానికి ఆ అంచు మీదనే ఉలితో గాట్లు పెట్టేవారు. కాబట్టి అవసరమైన అక్షరమే తెగిపోయి ఉంటుంది. ఒక నాణెం మీద మిగిలిన అక్షరాన్ని మరొక నాణెం మీద మిగిలిన అక్షరంతో పోల్చి, నెలల తరబడి శ్రమించి ఆయన తేదీలను నిర్ణయించారు.

ఈ కృషి ఫలితంగా 1922లో బెంగాలు తొలి స్వతంత్ర సుల్తానుల నాణేలు, కాలనిర్ణయం గురించి ఆయన ఆంగ్ల గ్రంథం కేంబ్రిడ్జి నుండి వెలువడినది. 1338లో సోనార్‌గావ్‌లో స్వతంత్రం ప్రకటించుకున్న ఫక్రుద్దీన్ ముబారక్ షా మొదలుకొని షంసుద్దీన్ ఇలియాస్ షా, సికందర్ షా, గియాసుద్దీన్ అజం షాల వరకు పాలనాకాలాలు ఒక క్రమంలోకి వచ్చాయి. తాను ఎంట్రన్స్ చదివిన సోనార్‌గావ్ కథనే, అక్కడ ముద్రించిన నాణేల ద్వారా ఆయన తిరిగి చెప్పారు.

ఇందులోనే ఒక వివాదాంశమూ కలదు. 1417, 1418 సంవత్సరాలకు సరిపోయే శక సంవత్సరాలతో, బెంగాలీ లిపిలో, దనుజమర్దనదేవుడనే రాజు పేరిట నాణేలు దొరికాయి. సుల్తానుల వరుస మధ్యలో ఈ హిందూ రాజు ఎవరు? ఇతడే పారసీక గ్రంథాలలో కనిపించే రాజా గణేశుడని భట్టశాలిగారు ప్రతిపాదించారు. దీనిని అనేకులు అంగీకరించారు. ఆ వెంటనే నాణేలు వేసిన మహేంద్రదేవుడు గణేశుని కుమారుడే, అనగా తరువాత జలాలుద్దీన్ అయినవాడే అన్న ప్రతిపాదనపై మాత్రం తరువాతి పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆయన చెప్పినదంతా నిలిచినదని చెప్పనవసరం లేదు. అయితే ఆధారాలను దాచకుండా ముందు ఉంచారు కనుకనే ఇతరులు వాదించగలిగారు.

పెద్దల మాటకు ఎదురు చెప్పిన ధైర్యం

భట్టశాలిగారి నిష్పాక్షికతకు మరొక తార్కాణం ఘుగ్రాహాటి తామ్రశాసనం. ఫరీద్‌పూర్ జిల్లా కోటాలిపాడా ప్రాంతంలో ధర్మాదిత్యుడు, గోపచంద్రుడు, సమాచారదేవుడు అనే రాజుల రాగిరేకు శాసనాలు దొరికాయి. ఇవి 6వ శతాబ్దానివని పార్గిటర్ అనే ఆంగ్ల పండితుడు వాదించారు. లిపిలో వేరువేరు కాలాల అక్షరాలు కలిసి ఉన్నవి కనుక ఇవి కూటశాసనాలని రాఖాల్‌దాస్ బెనర్జీ తీర్పు చెప్పారు. రాఖాల్‌దాస్ సామాన్యుడు కాడు. మొహెంజొదారో ప్రాచీనతను గుర్తించి లోకప్రసిద్ధి పొందినవారు. అటువంటి పెద్దల మాటను కాదనడం చిన్న మ్యూజియం క్యూరేటరుకు సులువు కాదు.

భట్టశాలిగారు అక్షరాలను మరల పరిశీలించి, సమాచారదేవుని పేరు గల బంగారు నాణేలను సాక్ష్యంగా చూపి, ఎపిగ్రాఫియా ఇండికా 18వ సంపుటంలో ఆ శాసనం నిజమైనదేనని నిరూపించారు. గుప్తుల అనంతరం దక్షిణ బెంగాలులో స్వతంత్ర రాజులు ఉండిరన్న సంగతి నేడు చరిత్ర పాఠాలలో భాగమైనది. ఒక ప్రాంతపు శాసనాలు దొంగవని కొట్టివేస్తే, ఆ ప్రాంతపు వంద సంవత్సరాల చరిత్ర ఖాళీ అయిపోయేది.

విగ్రహాల గ్రంథం

1929లో ఢాకా మ్యూజియంలోని బౌద్ధ, బ్రాహ్మణ విగ్రహాల లక్షణాలను వివరించే ఆయన బృహద్గ్రంథం వెలువడినది. విష్ణువు నాలుగు చేతులలో శంఖ చక్ర గదా పద్మాల క్రమం మారితే పేరు ఎట్లు మారుతుందో, లోకనాథునికీ మంజుశ్రీకీ భేదమేమిటో, సూర్యుని పాదాలకు ఎత్తైన చెప్పులు ఎందుకున్నాయో శాస్త్రగ్రంథాల ఆధారంతో వివరించారు. అన్నిటికంటె విలువైనది, విగ్రహం దొరికిన స్థలాన్ని నమోదు చేయడం. ఆ గ్రంథం తిరగవేస్తే గ్రామాల పేర్లు వరుసగా ఎదురవుతాయి. రాజుల రాజధానులతో సమానంగా, జనగణన పుస్తకంలో తప్ప మరెక్కడా కనిపించని పల్లెల పేర్లూ అందులో గౌరవంగా నిలిచాయి.

ఈ విగ్రహాల వెనుక దక్షిణాది వారికి మరొక బంధుత్వం కలదు. 12వ శతాబ్దంలో విక్రమపురం నుండి పాలించిన సేనరాజులు, విజయసేనుడు, బల్లాలసేనుడు, లక్ష్మణసేనుడు మొదలగువారు, తాము కర్ణాట దేశపు క్షత్రియులమని తమ శాసనాలలో చెప్పుకున్నారు. కన్నడ దేశపు సైనిక వంశమొకటి ఎంతో దూరాన స్థిరపడి, అక్కడి దేవతలను కొలిచి, అక్కడివారే అయిపోయారు. ఢాకా నగరంలోనే దొరికిన ఒక చండీ విగ్రహం మీద లక్ష్మణసేనుని 3వ పాలనా సంవత్సరం చెక్కబడి ఉన్నది. తరతరాల క్రితం కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలకు తరలివచ్చి ఆ నేలకు చెందినవారమైన మనకు ఈ సంగతి కొత్తగా తోచదు.

తాళపత్రాలు, గేయకథలు

ఆయన రాతికీ, లోహానికీ పరిమితం కాలేదు. గోరఖ్‌నాథ సంప్రదాయానికి చెందిన మీనచేతన్, మయనామతి గేయం వంటి పాత బెంగాలీ కావ్యాలను పరిష్కరించి ప్రకటించారు. కృత్తివాసుని బెంగాలీ రామాయణ ఆదికాండను అనేక ప్రతులతో సరిచూచి 1936లో వెలువరించారు. 1921లో ఢాకా విశ్వవిద్యాలయం స్థాపితమైన తరువాత అక్కడ ప్రాచీన ప్రతుల సేకరణకు తోడ్పడ్డారు. ఆ విశ్వవిద్యాలయమే 1934లో ఆయనకు డాక్టరేటు ఇచ్చినది. అక్బరు, జహంగీరుల కాలంలో మొగలులను ఎదిరించిన ఈసా ఖాన్, కేదారరాయలు మొదలగు పన్నెండుమంది భూస్వామి నాయకుల గురించి ఆయన రాసిన వ్యాసపరంపర నేటికీ పరిశోధకులు చదువుతున్నారు. అందులో ముస్లిం నాయకుని, హిందూ నాయకుని ఒకే కొలబద్దతో తూచారు.

హకీముగారి తోడు

ఢాకా వారసత్వాన్ని కాపాడిన వారిలో హకీమ్ హబీబుర్ రహమాన్ అనే యునానీ వైద్యులను తప్పక తలచుకోవాలి. వారు 1881లో జన్మించారు. ఢాకాలోని మసీదులు, సమాధుల గురించి ఉర్దూలో ఆసూద్గానే ఢాకా అనే గ్రంథం రాశారు. తాము సేకరించిన పాత నాణేలను ఢాకా మ్యూజియానికి అప్పగించారు. ఒకరు విక్రమపురపు బ్రాహ్మణుడు, బెంగాలీలో రాసేవారు. మరొకరు పాత ఢాకా ముస్లిం వైద్యులు, ఉర్దూలో రాసేవారు. ఇద్దరి నగరం ఒకటే. ఆ రోజులలో మతకలహాలు తరచుగా చెలరేగుతున్న ఢాకాలో, సుల్తానుల నాణేలను బ్రాహ్మణుడు చదువుతుండగా హకీముగారు తమ నాణేలను ఆయన మ్యూజియంలో దాచారన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

1947 ఫిబ్రవరి 6న భట్టశాలిగారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 59. చివరివరకు ఆయన ఢాకా మ్యూజియం క్యూరేటరే. అదే నెల 23న హకీముగారు కూడా మరణించారు. ఆరు నెలలు తిరగకముందే దేశవిభజన జరిగినది. విక్రమపురం, సోనార్‌గావ్, ఢాకా ఒక దేశంలోకి, కలకత్తా మరొక దేశంలోకి పోయాయి. లక్షల కుటుంబాలు ఇళ్లు విడిచి సరిహద్దు దాటాయి.

సరిహద్దు దాటని సంపద

మనుష్యులు దాటారు. విగ్రహాలు దాటలేదు. భట్టశాలిగారు గ్రామాల నుండి తెచ్చిన మూర్తులు, నాణేలు, శాసనాలు ఢాకాలోనే నిలిచాయి. 1966లో, అనగా భారత పాకిస్తానుల యుద్ధం జరిగిన మరుసటి ఏడాది, ఢాకా మ్యూజియం ఆయన స్మారక సంపుటిని ప్రచురించినది. దాని సంపాదకులు చరిత్రకారుడు ఎ.బి.ఎం. హబీబుల్లా. రెండు దేశాల మధ్య వైరం చల్లారని రోజులలో, తమ మ్యూజియాన్ని కట్టి నిలిపిన పాత క్యూరేటరును ఆ సంస్థ మరచిపోలేదు.

1971లో బంగ్లాదేశ్ ఏర్పడినది. ఢాకా మ్యూజియం 1983 నవంబరు 17న షాబాగ్‌లోని కొత్త భవనంలో బంగ్లాదేశ్ జాతీయ మ్యూజియంగా ప్రారంభమైనది. అందులో ఒక ప్రదర్శన మందిరానికి నళినీకాంత భట్టశాలి పేరు పెట్టారు. నీమ్‌తలి భవనపు పాత సింహద్వారం నేటికీ ఢాకాలోని ఏషియాటిక్ సొసైటీ ఆవరణలో నిలిచి ఉన్నది. 1905 నుండి 1971 వరకు ఒక్క మనిషి జీవితకాలంలో ఆ నేల మీద గీతలు నాలుగుసార్లు మారాయి. బ్రిటిష్ బెంగాలు, తూర్పు బెంగాలు, పాకిస్తాన్, బంగ్లాదేశ్ అని పేర్లు మారాయి. రాంపాల్ రాంపాల్‌గానే, వజ్రయోగిని వజ్రయోగినిగానే ఉన్నాయి. ఊరి పేరును నమ్ముకొన్న చరిత్రకారుని శ్రమ వృథా పోలేదు.

మనం చేయదగినది

హోసూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాలలో పొలం గట్ల మీద వీరగల్లులు ఉన్నాయి. కొన్నింటి మీద తెలుగు, కన్నడ, తమిళ అక్షరాలు కలవు. కొన్ని ఊళ్లలో అవి కాలువ మీద దాటుబండలుగా, గోడలో రాళ్లుగా మారినవి. ఏ భాష రాయి ఏ రాష్ట్రానికి చెందుతుందని మనం కొన్నిసార్లు తగాదా పడతాము. భట్టశాలిగారి జీవితం చూస్తే అడగవలసిన ప్రశ్న అది కాదని అర్థమవుతుంది. అది ఏ ఊరి రాయి, ఎక్కడ దొరికినది, ఎవరు చూచారు అన్నవే ముందు అడగవలసిన ప్రశ్నలు.

పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఆదివారం ఊరి పొలిమేర తిరిగి రండి. రాతి మీద సున్నం పూయవద్దు, గీకవద్దు, కదల్చవద్దు. పగటివెలుగులో ఫోటో తీసి, ఊరి పేరు, పొలం గుర్తు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాయించండి. పెద్దలు ఆ రాతి గురించి చెప్పే కథ ఏదైనా ఉంటే అదీ రాయించండి. పురావస్తు శాఖవారికి తెలియజేయండి. దానిని చదివే పండితుడు రేపు రావచ్చు, ముప్పై ఏళ్లకు రావచ్చు. లడహచంద్రుని పేరుకు పూర్తి సాక్ష్యం దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టినది. అంతవరకు ఊరి పేరు రాతిని అంటి ఉండేటట్లు చూడవలసినది ఆ ఊరివారే.